కార్డింగ్ మెషీన్‌కి నా సొంత తాళం వేశాను, ఫోర్‌మన్‌కి కోపం వచ్చింది

నాగావళి ఫిట్టర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో ఫిట్టర్‌ని. ఆరేళ్లయింది. మిల్లు పేరు రాయను, దయచేసి అడగొద్దు.

పోయిన గురువారం బి షిఫ్ట్‌లో ఫినిషర్ కార్డ్‌లో, అంటే పిన్నుల రోలర్లతో నార దువ్వే కార్డింగ్ మెషీన్‌లో, ఒక స్ట్రిపర్ రోలర్‌కి నార చుట్టుకుపోయింది. మెషీన్ ఆపి, కవర్ తీసి, నేనూ మా హెల్పర్ గుంటడూ కొక్కెంతో లాగుతున్నాం. ఆపడం అంటే స్టాప్ బటన్ నొక్కాను, అంతే. ఎలక్ట్రీషియన్ భోజనానికి వెళ్లాడు. అవతలి వైపు ఉన్న ఆపరేటర్ కొత్తవాడు. మెషీన్ ఎందుకు ఆగిందో తెలియక స్టార్ట్ నొక్కేశాడు. అతను నిలబడ్డ చోటి నుంచి మేం కనపడం. గుంటడి చొక్కా చెయ్యి రోలర్‌కి చిక్కింది. పాత చొక్కా కాబట్టి భుజం దగ్గర చిరిగి ఊడొచ్చింది. మోచేతి కింద పిన్నులు దిగిన చోట ఏడు చుక్కలు. లెక్కపెట్టాను. వాడికి పందొమ్మిదేళ్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక షాపులో 140 రూపాయలు పెట్టి తాళం కొన్నాను. శనివారం ఆ మెషీన్ ఐసొలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) ఆఫ్ చేసి, హ్యాండిల్‌కి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని పని చేశాను. ఫోర్‌మన్ వచ్చి నలుగురి ముందు "ఏటిది? మామీద నమ్మకం లేదా? ఇదేటి నీ ఇల్లా, తాళం ఏసుకోడానికి? చెవి నాకియ్యి" అన్నారు. ఇవ్వలేదు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు.

ఆయన చెడ్డ మనిషి కాదు. నాకు పని నేర్పింది ఆయనే. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నేను చేసింది తప్పా? వేరే ఫ్యాక్టరీల్లో ఎలా చేస్తారు?

పైడిభీమవరం షిఫ్ట్ | సోమవారం, రాత్రి 10:15

తప్పు కాదు తమ్ముడూ. ఆలస్యంగా చేశావు, అంతే.

మాది ఫార్మా. మా దగ్గర దీన్ని లాకౌట్ ట్యాగౌట్ అంటారు, అందరం లోటో అనేస్తాం. అమెరికాలో 1989లోనే దీని కోసం ప్రత్యేకంగా రూల్ తెచ్చారు. ఒక మెషీన్ మీద ఎంతమంది పని చేస్తే అన్ని తాళాలు పడాలి. ఐసొలేటర్‌కి హాస్ప్ అని ఒక కొక్కెం తగిలిస్తాం, దానికి ఆరు రంధ్రాలుంటాయి. ఫిట్టర్ తాళం ఒకటి, ఎలక్ట్రీషియన్‌ది ఒకటి, హెల్పర్‌ది ఒకటి. ఎవరి చెవి వాళ్ల జేబులో. ఆఖరి తాళం తీసేవరకు హ్యాండిల్ కదలదు. మేనేజర్ వచ్చి అడిగినా చెవి ఇవ్వకూడదు. నువ్వు ఇవ్వకపోవడమే ఈ కథలో నువ్వు చేసిన మంచి పని.

రెండో సంగతి. స్టాప్ బటన్ ఆపేది కంట్రోల్ సర్క్యూట్‌ని మాత్రమే. ఎర్రటి ఎమర్జెన్సీ బటనూ అంతే. పవర్ కాంటాక్టర్ దాకా, అంటే మోటారుకి కరెంటు కలిపే స్విచ్ దాకా, వచ్చి కాచుకుని ఉంటుంది. బటన్ ఎవడైనా నొక్కొచ్చు, కాంటాక్టర్ అతుక్కుపోవచ్చు, కవర్ తీస్తే మెషీన్ ఆపే ఇంటర్‌లాక్‌ని ఎవడో వైరు పెట్టి బైపాస్ చేసి ఉండొచ్చు. అందుకే ఐసొలేటర్ దగ్గర తెంచాలి.

మూడోది, జనం ఎక్కువగా మరిచిపోయేది. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ నొక్కి చూడు. తిరగకూడదు. నువ్వు తాళం వేసింది పక్క మెషీన్‌కేమో! మా దగ్గర ఒకసారి ప్యానెల్ మీద పేర్లు తారుమారై సరిగ్గా అదే జరిగింది. టెస్టర్ పెట్టేటప్పుడు కూడా ముందు కరెంటు ఉన్న చోట చూడు, తర్వాత పని చేసే చోట చూడు, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడు. మధ్యలో టెస్టర్ చచ్చిపోతే కరెంటు ఉన్నా లేదనే చెబుతుంది.

వంశధార 72 | సోమవారం, రాత్రి 11:30

బాబూ, నేను రిటైరైన మిస్త్రీని. నాకూ జూట్ మిల్లే. ముప్పై ఏళ్ల పైమాట కాబట్టి చెప్పొచ్చు, మిల్లు పేరు మాత్రం వద్దు.

అప్పట్లో కరెంటు పోవడం రోజూ ఉండేది. పోయిందంటే మాకు పండగ. మెషీన్లన్నీ ఆగుతాయి కదా, చుట్టుకున్న నార తీసేయడానికి, ఆయిల్ పెట్టడానికి అదే టైము. ప్రత్యేకంగా ఆపనక్కర్లేదు, ప్రొడక్షన్ పోలేదు, సూపర్‌వైజరూ ఏమీ అనడు. చీకట్లో టార్చి పట్టుకుని చేతులు లోపల పెట్టేసేవాళ్లం.

స్టార్టర్‌లో నో వోల్ట్ కాయిల్ అని ఒకటుంటుంది. కరెంటు పోతే హ్యాండిల్ దానంతటది పడిపోతుంది, మళ్లీ మనిషి వచ్చి ఎత్తితేనే మోటారు తిరుగుతుంది. మా బ్రేకర్ కార్డ్ స్టార్టర్‌లో ఆ కాయిల్ కాలిపోయి చాలా రోజులైంది. కొత్తది రాలేదు. హ్యాండిల్ నిలబడటానికి గోనె తాడుతో కట్టేశారు. ఆ తాడు కట్టింది నేనే.

ఆ రోజు నా జోడీ లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి, "హమ్మయ్య" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపు కార్డ్ లోపలి పెద్ద సిలిండర్ కదిలింది. నేను స్టార్టర్ దగ్గరికి పరిగెత్తాను, హ్యాండిల్ లాగితే రాదు, తాడు ముడి బిగుసుకుపోయింది. నేను వేసిన ముడే. కత్తి లేదు. చివరకి పళ్లతో...

తర్వాత తెంచి మోటారు ఆపినా సిలిండర్ వెంటనే ఆగదు. నీకు తెలుసు, అంత బరువు, అది దాని ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. అతనికి కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. మొన్నటి దాకా దసరాకి మా ఇంటికొచ్చేవాడు. ఎడమ చేత్తో అన్నం కలుపుకునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

కరెంటు లేనప్పుడు పని చెయ్యొద్దు అనను. తాళం వేసి చెయ్యి. మోటారు ఆగినా సిలిండర్ పూర్తిగా ఆగిందో లేదో కళ్లతో చూసి, చెక్క ముక్క అడ్డం పెట్టి, అప్పుడు కవర్ ఎత్తు.

చిరుగాలి | మంగళవారం, ఉదయం 6:50

పెద్దాయన పోస్టు చదివి టీ చల్లారిపోయింది.

ప్లాంట్ మాట | మంగళవారం, ఉదయం 8:05

అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరో ఒకరు ఇటువైపు కూడా మాట్లాడాలి. నేను ప్రొడక్షన్‌లో ఉంటాను. ఐసొలేటర్ ప్యానెల్ రూమ్‌లో ఉంటుంది, మెషీన్ నుంచి వంద మీటర్ల పైనే. జామ్ తీయడానికి రెండు నిమిషాలు. తాళం వేసి రావడానికి పది, తీసి రావడానికి మరో పది. షిఫ్ట్‌కి పదిసార్లు జామ్ అయితే? ఎనిమిది గంటల షిఫ్ట్‌లో మూడు గంటలు నడకకే పోతే మిల్లు మూసుకోవడమే. అప్పుడు ఫిట్టరూ ఉండడు, తాళమూ ఉండదు. పుస్తకాల్లో చెప్పడం తేలిక. ఫోర్‌మన్ బాధ కూడా అర్థం చేసుకోండి, సాయంత్రం టన్నుల లెక్క చెప్పాల్సింది ఆయనే.

నాగావళి ఫిట్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:20

ప్లాంట్ మాట గారూ, మీరన్న దాంట్లో అబద్ధం లేదు. నిన్న నేను లెక్కపెట్టాను. మా వరసలో ఆరు కార్డ్‌లకీ కలిపి షిఫ్ట్‌లో పదకొండు సార్లు చుట్టుకుంది. అందులో ఎనిమిది ఒకే మెషీన్. అది చాలా రోజుల నుంచి అలాగే ఉంది, స్టేవ్‌ల (రోలర్ మీద బిగించే పలకలు) పిన్నులు అరిగిపోయాయని నేనే రెండుసార్లు చెప్పాను. ఆ ఒక్కదాన్ని బాగు చేస్తే నేను ప్యానెల్ రూమ్‌కి నడిచేది మూడు సార్లే.

వంశధార గారూ, ఆ ముడి సంగతి చదివాక మా స్టార్టర్లన్నీ తిరిగి చూశాను. తాళ్లు లేవు. ఒకదానికి అగ్గిపుల్ల గుచ్చి ఉంది. తీసేశాను.

పైడిభీమవరం షిఫ్ట్ | మంగళవారం, సాయంత్రం 5:00

ప్లాంట్ మాట అడిగిన దానికి జవాబుంది. మెషీన్ పక్కనే, చెయ్యి చాపితే అందేట్టు తాళం పట్టే చిన్న ఐసొలేటర్ పెట్టించుకోవడం. మోటారు పవర్ దాని గుండా పోతుంది. ఖర్చు మెషీన్‌కి కొన్ని వేలు. వంద మీటర్ల నడక పోయింది, వాదనా పోయింది. మన దగ్గర ఖర్చు దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత క్రమశిక్షణ గురించి లెక్చర్లు ఇస్తాం.

ఆమదాలవలస ధాన్యం | మంగళవారం, రాత్రి 8:30

రైస్ మిల్లు వాళ్ల తరఫున ఒక మాట. కరెంటు తెంచితే అంతా అయిపోయినట్టు కాదు. మా మిల్లులో ధాన్యం ఎలివేటర్ బెల్టు జారిందని మెయిన్ తీసేసి, ఫ్యూజులు కూడా పీకి, కింద బూట్‌లో, అంటే ఎలివేటర్ అడుగు పెట్టెలో, చెయ్యి పెట్టాడు మా మెకానిక్. పైకి వెళ్లే వైపు బకెట్లన్నీ ధాన్యంతో నిండి ఉన్నాయి, దిగే వైపు ఖాళీ. బెల్టు సరిచేయడానికి కాస్త వదులు చేయగానే ఆ బరువుకి ఎలివేటర్ వెనక్కి తిరిగింది. కరెంటు లేదు, ఏమీ లేదు, ధాన్యం బరువే. వేలు నలిగింది. ఇప్పుడు ముందు బకెట్లు ఖాళీ చేస్తాం, కుదరకపోతే పై పుల్లీకి గొలుసు కట్టి అప్పుడు ముట్టుకుంటాం.

ఊక బంకర్ సంగతి అయితే చెప్పక్కర్లేదు. పైన గట్టిపడి పెంకులా నిలుస్తుంది, కింద స్క్రూ కన్వేయర్ లాగేసి ఖాళీ అవుతుంది. పొడవడానికి పైనెక్కినవాడి కాళ్ల కింద పెంకు విరిగితే మునిగిపోవడమే. కింద స్క్రూకి తాళం, పైన మనిషికి తాడు, బయట తాడు పట్టుకునేవాడు. ఈ మూడూ లేకపోతే ఊక అక్కడే ఉండనీ.

ఫర్నెస్ వేడి | మంగళవారం, రాత్రి 9:10

బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్‌లో హైడ్రాలిక్స్ చూస్తాను. పై మాటకి తోడు: పంపు ఆపినా అక్యుములేటర్‌లో (ప్రెజర్‌తో ఆయిల్ నిల్వ ఉంచే సీసా) ప్రెజర్ అలాగే కూర్చుని ఉంటుంది. డ్రెయిన్ తెరిచి, గేజ్ సున్నాకి వచ్చేదాకా పైపు నట్టు వదులు చేయకండి. ఎత్తి ఉన్న సిలిండర్ కింద సపోర్ట్ పెట్టకుండా దూరకండి. గాలి లైన్లు, బిగించిన స్ప్రింగులు, స్టీమ్ అన్నీ ఇంతే. డ్రైవ్ ప్యానెల్స్‌లో కెపాసిటర్లు ఆఫ్ చేశాక కూడా ఛార్జ్ పట్టి ఉంటాయి. ఎన్ని నిమిషాలు ఆగాలో ప్యానెల్ మీద రాసి ఉంటుంది, ఆగాక కూడా కొలవండి.

లైన్ బావ | బుధవారం, ఉదయం 7:30

మీరంతా లోటో అంటుంటే నవ్వొచ్చింది. మా కరెంటు డిపార్ట్‌మెంట్‌లో దీన్ని ఎప్పటి నుంచో ఎల్‌సీ అంటాం, లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాం. ఎవరు తీసుకుంటే వాళ్లే రిటర్న్ చేయాలి. వాళ్ల తరఫున ఇంకొకడు ఫోన్ చేసి "అయిపోయిందంట, లైన్ ఇచ్చేయండి" అంటే ఇవ్వకూడదు. ఆ "అంట" అనే మాట ఎంతమందిని తీసుకుపోయిందో.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత అటువైపు లైన్లు వేయడానికి వెళ్లాం. సప్లై ఎక్కడా లేదు. అయినా ప్రతి చోటా లైన్‌ని ఎర్త్ చేశాకే (భూమికి కలిపాకే) చెయ్యి వేసేవాళ్లం, పని చేసే చోటికి రెండు వైపులా. ఎందుకంటే షాపుల్లో జనరేటర్లు. లైన్‌నీ జనరేటర్‌నీ విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఎవడైనా జనరేటర్‌ని నేరుగా బోర్డులో గుచ్చితే కరెంటు వెనక్కి లైన్‌లోకి ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పదకొండు వేల వోల్టులు చేసి మాకు పంపుతుంది. ఫ్యాక్టరీల్లో డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) ఆటోలో ఉంటుంది, కరెంటు పోగానే దానంతటదే స్టార్ట్ అవుతుంది, అది కూడా చూసుకోండి.

ఫోర్‌మన్ నమ్మకం గురించి: నేను ఎల్‌సీ అడిగితే మా సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఏ రోజూ "నామీద నమ్మకం లేదా" అనలేదు. మేమిద్దరం వియ్యంకులం కూడా.

జీడి ఇల్లు | బుధవారం, ఉదయం 11:15

మాది పలాసలో చిన్న జీడి యూనిట్, ఆరు కటింగ్ మెషీన్లు. ఐసొలేటర్లు, హాస్ప్‌లు మాకెక్కడివండి? ప్లగ్గు పెడతాం, తీస్తాం. బ్లేడు దగ్గర పెంకు ఇరుక్కుంటే మా ఆడవాళ్లు స్విచ్ ఆఫ్ చేసి చేత్తో తీస్తారు. మాలాంటివాళ్లం ఏం చేయాలి?

లైన్ బావ | బుధవారం, ఉదయం 11:40

అమ్మా, మీది మా అందరికన్నా తేలిక. స్విచ్ ఆఫ్ చేయడం కాదు, ప్లగ్గు పీకి ఒళ్లో పెట్టుకుని పని చేయమనండి. ప్లగ్గు కళ్ల ముందు, చేతికింద ఉంటే వేరే తాళం అక్కర్లేదు. మోటారు నేరుగా బోర్డుకి కలిపి ఉంటే కిట్‌క్యాట్ ఫ్యూజు పీకి కొంగున కట్టుకోమనండి, బోర్డు మూసి తాళం వేయండి. లేదంటే ఎవడో పాపం సాయం చేద్దామని వైరు ముక్క గుచ్చేస్తాడు.

చంపావతి | బుధవారం, రాత్రి 9:00

సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. చట్టం ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 24వ సెక్షన్‌లోనే ఉండేది: పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌లోకి జారే అవకాశం ఉన్న స్విచ్‌ని ఆఫ్‌లోనే తాళం వేసి ఉంచే ఏర్పాటు చేయాలని. అంటే తాళం నాగావళి తమ్ముడు కనిపెట్టింది కాదు. తిరిగే మెషీన్ దగ్గర పని చేసేవాడికి శిక్షణ ఉండాలి, పేరు రిజిస్టర్‌లో ఉండాలి, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు యాజమాన్యమే ఇవ్వాలి. ఇది 22వ సెక్షన్. పిల్లాడు సొంత పాత చొక్కాతో పని చేయడం దగ్గరే మీ మిల్లు తప్పు మొదలైంది. అయితే 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఈ నంబర్లు పట్టుకుని ఫోర్‌మన్‌తో వాదనకి దిగకు.

ఆ ఏడు చుక్కలు యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించావా? రాయించు. రేపు చెయ్యి వాచి పనికి రాలేకపోతే ఈఎస్‌ఐ నుంచి ఆ రోజులకి సగటు వేతనంలో 90 శాతం వస్తుంది, కానీ పనిలో తగిలిన దెబ్బ అని కాగితం మీద ఉండాలి. "చిన్న గీతే కదా" అని వదిలేస్తే నష్టం ఆ పిల్లాడికే.

ప్లాంట్ మాట | బుధవారం, రాత్రి 9:45

సరే, లోకల్ ఐసొలేటర్ పాయింట్ ఒప్పుకుంటున్నాను. ఇంకో ప్రశ్న. తాళం వేసినవాడు షిఫ్ట్ అయిపోయి చెవి జేబులో వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కేస్తే? మెషీన్ రాత్రంతా నిలబెట్టాలా?

పైడిభీమవరం షిఫ్ట్ | బుధవారం, రాత్రి 10:30

మంచి ప్రశ్న, నిజంగా. మా దగ్గర పద్ధతి ఇది. ముందు ఫోన్ చేస్తాం. అతను గేటు దాటి వెళ్లాడని ఖాయం చేసుకుంటాం. సూపర్‌వైజర్ స్వయంగా వెళ్లి మెషీన్‌లో మనిషి లేడని, కవర్లు బిగించారని చూస్తాడు. రాసి సంతకం పెట్టి అప్పుడు తాళం కోస్తారు. మర్నాడు అతను పనిలో దిగకముందే ఆ సంగతి చెబుతారు. ఇందులో ఒక్కటి తప్పినా కోయకూడదు.

పని సగంలో ఉంటే మాత్రం వచ్చే షిఫ్ట్‌వాడు తన తాళం వేశాకే పాతవాడు తనది తీయాలి. షిఫ్ట్ మారే టైము ఎందుకు భయమో పైపర్ ఆల్ఫా చెబుతుంది. 1988 జులై 6, స్కాట్లాండ్ దగ్గర సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం. పగటి షిఫ్ట్ వాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ రిపేరుకి తీసి, ఆ చోట బిళ్ల ఒకటి పెట్టి వెళ్లారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. రాత్రి షిఫ్ట్‌వాళ్లకి వాల్వ్ తీశారన్న సంగతి తెలియదు, ఆ సంగతి రాసిన పర్మిట్ కాగితం వాళ్ల కంటపడలేదు. మొదటి పంపు స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. కాగితం ఉంది. పంపు మీద తాళం లేదు.

మోడరేటర్ | గురువారం, ఉదయం 9:00

రెండు కామెంట్లు తీసేశాను. మిల్లుల పేర్లు ఊహించి రాయొద్దని మొదటి పోస్టులోనే అడిగారు.

నాగావళి ఫిట్టర్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:20

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించాలి.

శుక్రవారం ఫోర్‌మన్ గారి ఇంటికి వెళ్లాను. మిల్లులో మాట్లాడితే నలుగురూ ఉంటారు, ఆయనకీ నాకూ ఇద్దరికీ ఇబ్బంది. వాళ్లావిడ టీ ఇచ్చారు. చట్టం గురించి ఎత్తలేదు. వంశధార గారి పోస్టు ఫోన్‌లో చదివి వినిపించాను. తాడు ముడి దగ్గరికి వచ్చేసరికి "చాల్లే, ఆపు" అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన ఎడమ చేతి ఉంగరం వేలు చూపించారు. పై కణుపు లేదు. ఆరేళ్లుగా చూస్తున్నాను, పుట్టుకతోనే అలా అనుకున్నాను. నారని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ మెషీన్ రోలర్లట.

"తాళానికి కాదురా కోపం. నన్ను అడక్కుండా ఏసీసినావు, అదీ కోపం" అన్నారు.

శనివారం నుంచి ఆరు కార్డ్‌లకి తాళం ఒప్పుకున్నారు. స్పిన్నింగ్ వైపు ఇంకా లేదు. లోకల్ ఐసొలేటర్‌కి ఇండెంట్ రాశారు, పాసవుతుందో లేదో దేవుడికెరుక. అరిగిన స్టేవ్‌లు మాత్రం ఈ వారంలో మారుస్తామన్నారు. రిజిస్టర్‌లో గుంటడి దెబ్బ రాయించాను, తేదీ పాతదే వేయించాను.

నిన్న రాత్రి షిఫ్ట్‌లో ఎవరో నా తాళం హాక్సా బ్లేడుతో కోయడానికి చూశారు. సగం తెగి ఉంది. ఎవరో తెలియదు. ఫోర్‌మన్ గారు దాన్ని తీసి తన టేబుల్ మీద పెట్టుకున్నారు, వచ్చేవాళ్లందరికీ కనబడేలా.

ఒక సాయం కావాలి. గుంటడు ఈరోజు తన సైకిల్ తాళం తెచ్చాడు, "అన్నా, నాదీ ఏస్తాను" అని. ఐసొలేటర్ రంధ్రంలో ఒక్క తాళమే పడుతోంది. ఆ హాస్ప్ ఎక్కడ దొరుకుతుంది?

పైడిభీమవరం షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 8:50

ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆరు రంధ్రాలది తీసుకో. కొనేముందు మీ హ్యాండిల్ రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి పెట్టు, అన్ని హాస్ప్‌లూ దూరవు. సైకిల్ తాళం వద్దు, దానికి నంబర్ తెలిసినవాడెవడైనా తీసేస్తాడు. ఒక్కో తాళానికి ఒకే చెవి ఉండాలి, స్పేర్ చెవి ఎవరి దగ్గరా ఉండకూడదు.

వంశధార 72 | ఆదివారం, రాత్రి 9:30

గుంటడి తాళం డబ్బులు నేనిస్తాను. ఫోన్ పే నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు.

నాగావళి ఫిట్టర్ | ఆదివారం, రాత్రి 9:42

వద్దు బావూ, ఫోర్‌మన్ గారు ఇస్తానన్నారు. రేపు ఎ షిఫ్ట్‌లో రంధ్రం కొలిచి ఇక్కడే పెడతాను.